మళ్లీ కన్యాశుల్కమేనా?

ఒకే నాటకాన్ని ఒకే ఏడాదిలో రెండుసార్లు వేయడమేమిటని 1987లో మా పర్లాకిమిడిలో పెద్ద వాదనే నడిచింది. నాటకం కన్యాశుల్కం. ఉగాదికి ఒకసారి వేశారు. సెప్టెంబరు 21న గురజాడ అప్పారావుగారి 125వ జయంతి వస్తోందని, ఆ రోజుకు కూడా అదే వేద్దామని మా ఊళ్లో నాటకాలు వేయించే మాస్టారు ప్రతిపాదించారు. ఉగాదికి తెచ్చిన కుర్చీల అద్దె, మైకు అద్దె అప్పటికి తీరనే లేదు. మా ఇంటి వసారాలో కూర్చున్న పెద్దలంతా ఒక్కసారి గొంతు పెంచారు. చూసిన నాటకాన్ని చూడడానికి మళ్లీ ఎవరు వస్తారని ఒకరు, చందాలకు ఏ మొహం పెట్టుకుని వెళ్తామని మరొకరు. హార్మోనియం పెట్టి ఏదైనా పద్యనాటకం వేస్తే ఖర్చులు పోను నాలుగు డబ్బులు మిగులుతాయని లెక్క చెప్పినవారూ ఉన్నారు. "మళ్లీ కన్యాశుల్కమేనా?" అన్న మాట ఆ సాయంత్రం ఎన్ని నోళ్ల నుంచి వచ్చిందో!

మాస్టారు అందరినీ మాట్లాడనిచ్చారు. తరువాత ఒక్క ప్రశ్న అడిగారు. "పోయినేడు జగన్నాథుడి రథం లాగాం. లాగేశాం కదా అని ఈ ఏడు ఇంట్లో కూర్చున్నామా?"

ఒడిశాలో పుట్టి పెరిగినవాళ్లం. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

నిజానికి ఆయన మనసులో ఉన్న కారణం వేరు. ఉగాది నాటకం ఆయనకు నచ్చలేదు. జనం విరగబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు, గిరీశం వేసిన పోస్టాఫీసు గుమాస్తాగారు మర్నాడు వీధిలో నడుస్తుంటే పిల్లలు వెంటపడ్డారు. మాస్టారు మాత్రం ఆ రాత్రి తెర దించాక ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయారని మా నాన్నగారు చెప్పేవారు. వాళ్లు ఆడిన నాటక ప్రతిని పరిషత్తు పోటీల కోసం ఎవరో కుదించారు. కన్యాశుల్కం మొత్తం ఆడితే రాత్రంతా పడుతుంది. దాన్ని రెండున్నర గంటలకు దించాలంటే ఏదో ఒకటి పోవాలి. పోయినవన్నీ ఆడవాళ్ల మాటలే. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి దాదాపు మాయమైపోయింది. బుచ్చమ్మ తల్లి వెంకమ్మ నూతిలో దూకిన విషయం ఒక్క కేకతో అయిపోయింది. బుచ్చమ్మ అయితే గిరీశం తియ్యటి మాటలకు పడిపోయిన వెర్రిబాగుల పిల్లగా మిగిలింది. నేను ఆ రోజు రెండో వరుసలో మా నాయనమ్మ పక్కన కూర్చుని అందరితో పాటు నవ్వాను. అంత బాగా ఆడారు మరి.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. అప్పటికి గజపతి జిల్లా పుట్టలేదు, 1992 దాకా మాది గంజాం జిల్లాయే. మహేంద్రతనయ ఒడ్డున ఉంటుంది ఊరు. కాస్త దూరంలో పాతపట్నం, అంటే ఆంధ్ర. నౌపడా నుంచి మా ఊరికి 1900లో వేసిన చిన్న రైలు ఉండేది. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, సంతలో రెండూ. కొండల నుంచి దిగివచ్చే సవరల మాట మూడోది. ఆ సవర భాషను నేర్చుకుని, దాని కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తిగారు మా ఊళ్లోనే రాజావారి పాఠశాలలో పాఠాలు చెప్పారు. విజయనగరంలో చిన్నప్పుడు గురజాడ, ఆయన కలిసి చదువుకున్నవారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులో కలిసినప్పుడు గిడుగు ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. మాస్టారు ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన గొంతు మారేది. వాడుకభాష కోసం గిడుగు పోరాడుతుంటే, ఆ భాషకు ఎంత బలం ఉందో గురజాడ నాటకంలో చూపించాడని, కాబట్టి కన్యాశుల్కంలో మన ఊరికీ వాటా ఉందని ఆయన వాదన. నాకు అది ఇప్పటికీ సరైన వాదనగానే కనిపిస్తుంది. "తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి" అన్న మాట మా ఇంట్లో కన్యాశుల్కం పేరు తెలియని పిల్లలు కూడా అనేవారు.

ఇంత తొందరగా మళ్లీ ఎందుకు అన్నదానికి ఆయన జవాబు మొదటి రిహార్సల్ రోజున దొరికింది. "పోర్షన్ నోట్లో ఉండగానే వేయాలి. రెండేళ్లు పోనిస్తే మళ్లీ మాటలు కంఠతా పట్టడంతోనే మీ శక్తి అంతా అయిపోతుంది. మాట వచ్చేసినవాడికే ఆ మాట వెనక ఏముందో చూసుకునే తీరిక ఉంటుంది." మరో మాట కూడా అన్నారు. "చూసేవాళ్లకూ అంతే. ఉగాదినాటి బొమ్మ కళ్లలో ఉండగా చూపిస్తే, ఏం మారిందో మనం చెప్పనక్కరలేదు."

సురభి వాళ్ల సంగతి చెప్పేవారు. 1885లో కీచకవధతో మొదలుపెట్టిన ఆ కుటుంబాలు తరతరాలుగా అవే నాటకాలు ఆడుతున్నాయి, కొడుకు తండ్రి వేషం వేస్తాడు, మనవడు తాత వేషం వేస్తాడు, ఎవరూ విసుగుపడలేదే అనేవారు. గురజాడ తానే ఈ నాటకం దగ్గరికి మళ్లీ వచ్చాడని గుర్తుచేసేవారు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సమాజం వారు మొదట ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పుకు అయిదు అంకాలు ఏడు అంకాలయ్యాయి. భోగంపిల్ల మధురవాణి మొదటి కూర్పులో చిన్న పాత్ర, రెండో దానిలో నాటకం మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంది. "రాసినవాడికే ఒక్కసారితో తనివి తీరలేదు, మనకు తీరుతుందా?" అనేవారు మాస్టారు.

ఉగాదికి మధురవాణి, బుచ్చమ్మ వేషాలకు ఇద్దరు నటీమణులను విజయనగరం వైపు నుంచి పిలిపించారు. ఆ రోజుల్లో చిన్న ఊళ్ల నాటకాలకు అదే పద్ధతి. ఆడపాత్రలకు బయటి నుంచి వస్తారు, మధ్యాహ్నం ఒకసారి మిగతావాళ్లతో కలిపి పోర్షన్ చెప్పుకుంటారు, రాత్రి ఆడతారు, తెల్లవారే రైలెక్కుతారు. వాళ్లకు మాట్లాడుకున్న డబ్బు ముట్టేది, భోజనం విడిగా పంపేవారు. వాళ్లు ఎవరి ఇంట్లోనూ అడుగుపెట్టేవారు కాదు, ఎవరూ రమ్మనేవారు కాదు. మధురవాణిని వేదిక మీద చూసి చేతులు నొప్పిపెట్టేలా చప్పట్లు కొట్టిన ఊరే అది.

రెండోసారికి ఇద్దరిని పిలిచే స్తోమత లేదు. మధురవాణికి ఆవిడనే పిలిచారు. బుచ్చమ్మకు మాత్రం ఊరి పిల్లే కావాలన్నారు మాస్టారు. ఒకరిద్దరి ఇళ్లలో అడిగి కాదనిపించుకుని, చివరికి మా నాన్నగారి దగ్గరికి వచ్చారు. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. ఆడపిల్ల ముఖానికి రంగు పూసుకుని వేదిక ఎక్కితే రేపు నలుగురూ ఏమంటారు? అమ్మ వంటింట్లోంచి వచ్చి, "బుచ్చమ్మ విధవ పిల్ల. ఆ అమ్మాయి బాధ చెప్పడానికి మన అమ్మాయి పనికొస్తే కాదనడం ఎందుకు?" అంది. అమ్మ నాన్నగారి ముందు అంత గట్టిగా మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు.

అమ్మ ఇంకో పని కూడా చేసింది. మధురవాణి వేసే ఆవిడ ఈసారి వారం ముందుగా రావాలన్నారు మాస్టారు. ఎక్కడ దిగాలన్న ప్రశ్న వచ్చింది. మా ఇంట్లోనే అంది అమ్మ. నాయనమ్మకు అది నచ్చలేదు. మడి, దడి ఉన్న మనిషి. "అత్తయ్యా, ఆ రోజు మీరు మధురవాణిని చూసి కళ్లు తుడుచుకున్నారు కదా. ఇప్పుడు ఆవిడ మన గుమ్మం దాకా వస్తే సౌజన్యారావు పంతులుగారిలా లోపలికి రావద్దంటామా?" అని అడిగింది అమ్మ. నాటకంలో ఆ పంతులుగారు భోగంవాళ్ల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. మధురవాణి మగవేషం వేసుకుని వెళ్తేనే గాని ఆయన ఇంట్లో మాట్లాడే వీలు కలగలేదు. నాయనమ్మ జవాబు చెప్పలేదు. మర్నాడు వెనక గది తానే కడిగించింది.

ఆవిడను నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లీ అనేది. మేము ఆడిన ప్రతిలో బుచ్చమ్మ, మధురవాణి ఒక్క సీనులోనూ ఎదురుపడరు. అయినా నాకు బుచ్చమ్మను నేర్పింది ఆవిడే. పగలంతా అమ్మకు కూరగాయలు తరిగి ఇస్తూ, నా చేత మాటలు చెప్పించేది. నేను మొదట్లో గిరీశంతో మాట్లాడే సీనులో తల వంచుకుని, సిగ్గుపడుతూ, ఓరగా అతన్ని చూస్తూ చెప్పేదాన్ని. ఉగాదికి చూసిన బుచ్చమ్మ అలాగే చేసింది. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అక్క ఆపింది.

"చెల్లీ, బుచ్చమ్మ ఇంట్లోంచి ఎందుకు వెళ్లిపోతుంది?"

"గిరీశం అంటే ఇష్టపడి."

"పుస్తకం తెచ్చి మళ్లీ చదువు."

చదివాను. చిన్న ప్రతిలో కొట్టేసిన మాటలు అక్కడే ఉన్నాయి. సుబ్బి పెళ్లి తప్పించాలంటే తనతో వచ్చేయడం ఒక్కటే దారి అని గిరీశం బుచ్చమ్మకు చెబుతాడు. ముసలి లుబ్ధావధాన్లుకు అమ్ముడుపోతున్న పసిపిల్ల చెల్లెలు. తాను ఆ వయసులోనే పెళ్లయి విధవ అయింది. చెల్లెలికి ఆ గతి పట్టకూడదని బయలుదేరుతుంది. గిరీశం మోసగాడే, బుచ్చమ్మకు అది తెలియదు. కానీ ఆమె గడప దాటింది అతని మాటల తీపికి మాత్రమే కాదు. అంత పెద్ద కారణాన్ని నాలుగు నిమిషాలు మిగులుతాయని ఎవరో పెన్సిలుతో కొట్టేశారు, ఆ కొట్టేసిన దాన్నే ఊళ్లూళ్లా ఆడుతున్నారు! ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

"ఇకనుంచి ఆ మాటలు చెప్పేటప్పుడు గిరీశాన్ని చూడకు," అంది అక్క. "సుబ్బి ఎక్కడుందో అటు చూడు."

ఈ మాట మాస్టారికి చెబితే ఆయన మర్నాడే ఒక మార్పు చేశారు. సుబ్బికి నాటకంలో మాటలు పెద్దగా లేవు. కథంతా ఆ పిల్ల చుట్టూ తిరుగుతుంది, ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగరు. మా వీధిలో ఎనిమిదేళ్ల పాపను తెచ్చి సుబ్బి తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఇంటి సీన్లన్నిటిలోనూ వేదిక మీద ఒక మూల కూర్చోబెట్టారు. గచ్చకాయలు ఆడుకోమన్నారు, అంతే. పెద్దలు అరుచుకుంటుంటారు, వెల కడుతుంటారు, ఆ పాప తన ఆటలో తానుంటుంది.

అందరూ సంతోషంగా ఒప్పుకున్నారని చెప్పను. కొట్టేసినవి తిరిగి చేర్చాలంటే ఉన్నవాటిలో కొన్ని తగ్గాలి. గిరీశం ఉపన్యాసాలు రెండు పోయాయి. గుమాస్తాగారు నొచ్చుకుని నాలుగు రోజులు రిహార్సల్‌కు రాలేదు. ఆయన వచ్చేది ఆ చప్పట్ల కోసమే మరి, పగలంతా స్టాంపులు కొట్టి కొట్టి అలసిపోయిన మనిషికి అవే కదా బలం. మాస్టారు ఆయన ఇంటికి వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తిరిగి వచ్చాక ఆయన గిరీశం మారిపోయింది. అంతకు ముందు ప్రేక్షకుల వైపు తిరిగి చెప్పే మాటలన్నీ బుచ్చమ్మ వైపు తిరిగి, గొంతు తగ్గించి, నిజంగా నమ్మించేలా చెప్పడం మొదలుపెట్టారు. ఎదురుగా నిలబడ్డ నాకు ఒక్కోసారి భయం వేసేది. నవ్వు పుట్టించే గిరీశం కన్నా ఆ గిరీశం చాలా పెద్ద నటుడు.

మిగతా ఏర్పాట్లు మామూలే. ఒడియా జాత్రా నాటక బృందాలకు మేకప్ చేసే ఒకాయన మాకు రంగు వేశాడు, డబ్బు తీసుకోలేదు. పాత తెరలే వాడాం.

సెప్టెంబరు 21న పొద్దున్నుంచీ ముసురు. మహేంద్రతనయ నిండుగా పారుతోంది. షామియానా మానుకుని నాటకాన్ని బడి హాల్లోకి మార్చారు. జనం ఉగాదికి వచ్చినంత మంది రాలేదు. అయితే వచ్చినవాళ్లలో చాలామంది ఉగాదికి చూసినవాళ్లే. పాతపట్నం నుంచి గొడుగులు వేసుకుని నడిచి వచ్చారు. మా పక్కింటి ఒడియా మావుసీ నాయనమ్మను పట్టుకుని ముందు వరుసలో కూర్చుంది.

తెర తీసే ముందు మాస్టారు వేదిక మీదికి వచ్చి, గురజాడ మొదటి కూర్పుకు రాసిన ముందుమాటలోంచి కొన్ని అంకెలు చదివారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కం పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో లెక్కకు అందినవి 1,034. వాళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. చదివి, కాగితం మడిచి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఉపన్యాసం లేదు. గిరీశం బొంకులదిబ్బ దగ్గర ప్రత్యక్షమయ్యేసరికి జనం నవ్వడానికి కొంచెం సమయం తీసుకున్నారు.

తరువాత బాగానే నవ్వారు. నవ్వకుండా ఉండగలిగే నాటకం కాదది. రామప్పపంతులు వేసిన రైస్‌మిల్లు లెక్కల గుమాస్తా మధురవాణి ఎదుట తబ్బిబ్బవుతుంటే కప్పు ఎగిరిపోయింది. కంటె కోసం జరిగిన రభసకు నేను లోపల నిలబడి కూడా నవ్వాను. కానీ నా సీను వచ్చింది. ఉగాదికి ఇదే చోట వెనక వరుసల నుంచి ఈలలు వేశారు. నేను గిరీశం మాట వింటూ, అక్క చెప్పినట్టు, మూల కూర్చున్న పాప వైపు చూశాను. పాప గచ్చకాయ ఎగరేసి పట్టుకుంటోంది. వస్తానన్న మాట చెప్పాను. ఒక్క ఈల లేదు. ముందు వరుసలో నాయనమ్మ మావుసీ చెయ్యి పట్టుకుని ఉండడం నాకు కనిపించింది.

చివరి అంకంలో సౌజన్యారావు పంతులు, మధురవాణి మాట్లాడుకునే సీను ఈసారి పూర్తిగా ఉంచారు. అక్క ఆ రాత్రి ఆడిన తీరు గురించి రాయడానికి నా దగ్గర సరిపడా మాటలు లేవు. మా ఇంట్లో వారం రోజులు పప్పు, చారు కలిసి తిన్న మనిషి అక్కడ మర్యాద కోసం ఎవరినీ ప్రాధేయపడలేదు, తనకు రావలసింది అడిగింది. మా నాన్నగారు లేచి నిలబడి చూశారు. బుచ్చమ్మను పూనా ఆశ్రమానికి పంపుతానని పంతులుగారు చెప్పే మాటా ఉంది. గిరీశం బండారం బయటపడింది. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్న ఆఖరి మాట గుమాస్తాగారు అరవలేదు, తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఉగాదికి ఆ మాట దగ్గర వన్స్‌మోర్ పడింది. ఈసారి చప్పట్లు ఆలస్యంగా మొదలై చాలాసేపు ఆగలేదు.

మర్నాడు నాయనమ్మ నాతో ఒకే మాట అంది. "ఆ ఉగాది బుచ్చమ్మ మీద నాకు జాలి వేసింది. నిన్నటి బుచ్చమ్మ మీద గౌరవం కలిగింది." ఆవిడకు తొమ్మిదో ఏట పెళ్లయింది. ఆవిడ చెల్లెలు ఒకరు పదమూడేళ్లకే విధవగా పుట్టింటికి తిరిగి వచ్చిందని ఆ రోజే మాకు చెప్పింది. అంతకు ముందు ఆ చెల్లెలి పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ శీతాకాలంలో బరంపురం తెలుగువాళ్లు పిలిస్తే వెళ్లి మళ్లీ ఆడాం. అప్పుడు మళ్లీ కన్యాశుల్కమేనా అని ఎవరూ అడగలేదు. కమిటీలో పద్యనాటకం కావాలన్న పెద్దాయనే బస్సు మాట్లాడి పెట్టారు. అక్క నేరుగా మా ఇంటికే వచ్చి, మాతో పాటు బస్సెక్కింది. నా పెళ్లికి కూడా వచ్చింది, అందరితో పాటు పంక్తిలో కూర్చుని భోజనం చేసింది.

మాస్టారు ఇప్పుడు లేరు. చిన్న గేజి పట్టాలు పోయి పెద్ద రైలు వచ్చింది. తెలుగు బడుల్లో పిల్లలు తగ్గిపోయారు, అది ఎంత బాధగా ఉంటుందో సరిహద్దులో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అయినా పోయిన సంక్రాంతికి మా ఊరి కుర్రాళ్లు, అమ్మాయిలు కలిసి కన్యాశుల్కం వేశారు. ఆడపాత్రలన్నీ ఊరి పిల్లలే వేశారు. వచ్చే గురజాడ జయంతికి మళ్లీ వేద్దామా, మొన్ననే వేశాం కదా, జనం ఏమంటారోనని ఇప్పుడు సందేహిస్తున్నారని మా మేనల్లుడు ఫోనులో చెప్పాడు. తప్పకుండా వేయమన్నాను. పోర్షన్ నోట్లో ఉండగానే వేయమన్నాను. నా వంతు చందా పంపాను. మాస్టారు కొట్టివేతలన్నీ చెరిపి, పక్కన పెన్సిలుతో తిరిగి రాసుకున్న ప్రతి నా దగ్గరే ఉంది. దాన్ని జిరాక్సు తీయించి పంపుతున్నాను. మీనాక్షి వేషానికి ఇంకా ఎవరూ కుదరలేదట. పర్లాకిమిడిలో గానీ పాతపట్నంలో గానీ ఆసక్తి ఉన్న అమ్మాయిలు ఉంటే వాళ్లను కలవండి, ఈసారి మీనాక్షికి మాటలు చాలా ఉన్నాయి.